మావయ్య కువైట్ స్టీరియో

1981 వేసవిలో మా చిన్న మావయ్య కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బొంబాయిలో విమానం దిగి, సుంకం కట్టి, రైళ్లు మారి నరసాపురం చేరితే, అక్కడి నుంచి గోదావరి దాటి సఖినేటిపల్లి రావాలి. నాన్నగారితో పాటు నేనూ రేవుకు వెళ్లాను. పంటు ఒడ్డుకు ఆనుతుంటే మావయ్య ముందు వరుసలోనే కనిపించాడు. సూటుకేసు ఎక్కడో వెనకాల ఎవరి కాళ్ల దగ్గరో ఉంది. ఆయన మాత్రం ఒక అట్టపెట్టెను రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. పక్కన గోనెపట్టా చుట్టి కొబ్బరితాడుతో కట్టిన రెండు పెద్ద పెట్టెలు. నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట, "ఒరేయ్, తడి చేతులతో ముట్టుకోకు."

మలికిపురం దగ్గర మా ఊరు. అమ్మమ్మ గారి ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆ సాయంత్రం ఆ ఇంటి సావిడి పెళ్లివారిల్లులా నిండిపోయింది. అప్పటికే చుట్టుపక్కల గల్ఫ్ వెళ్లి వచ్చిన ప్రతి ఇంట్లోనూ రేడియో, టేపు రికార్డరు కలిసిన టూ ఇన్ వన్ ఉండేది. మావయ్య తెచ్చినది వేరు. 1974 ప్రాంతంలో జపానులో తయారైన రిసీవర్. రేడియో, ఆంప్లిఫయర్ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఒక్కో ఛానెల్‌కు 15 వాట్లు. ముందు అల్యూమినియం పలక, దాని మీద గుండ్రటి లోహపు బొత్తాలు, స్విచ్చి వేయగానే పచ్చగా వెలిగే గాజు డయల్. మావయ్య అక్కడ ఏసీ మెకానిక్. మరమ్మతులకు వెళ్లే ఒక ఇంటి యజమాని కొత్త సెట్టు కొనుక్కుంటూ పాతదాన్ని చౌకగా ఇచ్చేశాడట. గోనెపట్టాలో చుట్టినవి స్పీకర్లు. పది అంగుళాల ఊఫర్లు, అంటే కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్లు ఉన్న, ఎక్కడా కన్నమన్నది లేని మూసిన పెట్టెలు.

పగటిపూట అందరూ వచ్చి గట్టిగా పెట్టమనేవారు. ఆ మోత నాకు పెద్దగా గుర్తు లేదు. గుర్తున్నవి రాత్రులు. అప్పుడు అత్తయ్య ఒళ్లో తొమ్మిది నెలల పాప. పాప నిద్రపోయాక మావయ్య సెట్టు పెట్టేవాడు. ఎంత పెంచితే పాప లేస్తుందో అత్తయ్యకు రెండు రాత్రుల్లో తెలిసిపోయింది. మూడో రోజు పొద్దున తన గోళ్ల రంగు సీసా తెచ్చి, వాల్యూమ్ బొత్తాం అంచున ఎర్రటి చుక్క పెట్టింది. "రాత్రిపూట ఈ చుక్క పలక మీద గీతకు ఎదురుగా వచ్చేంత వరకే తిప్పండి. ఆపైన వద్దు" అంది. బొత్తాం దాదాపు పావు వంతు తిరిగేటప్పటికే ఆ చుక్క గీతకు వచ్చేసేది.

అంత తక్కువ శబ్దంలో కూడా ఆ పెట్టెల్లోంచి వచ్చే బేస్, ఆ కింది స్వరాల బరువు, నాకు ఇప్పటికీ ఒంటికి తెలుస్తుంది. శనివారం రాత్రుళ్లు ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం వచ్చేది. నేను సావిట్లో చాప మీద పడుకుని వినేవాణ్ణి. గాత్రం ఎవరో పక్క గదిలో పాడుకుంటున్నంత నెమ్మదిగా ఉండేది. మృదంగం ఎడమచేతి దెబ్బ మాత్రం గచ్చు మీదుగా, చాప మీదుగా వీపుకు తాకేది. తాకేది అంటే దడదడ కాదు. నిండు బిందె పక్కన కూర్చుని వేలితో మెల్లగా తడితే లోపల నీళ్లు కదులుతాయే, అలాంటిది. పాప లేచేది కాదు. నేను మాత్రం చాలాసేపు మేలుకునేవాణ్ణి.

మావయ్య మళ్లీ కువైట్ వెళ్లిపోయాడు. సెట్టు మాత్రం ఇంట్లోనే ఉంది. 1988లో పెద్ద మావయ్య కూతురి పెళ్లి వచ్చింది. మైకు సెట్టు ఎలాగూ పెట్టించారు, అయినా లోపల ఆడవాళ్ల దగ్గర ఈ స్టీరియో మోగాలని కుర్రాళ్లు పట్టుబట్టారు. "బేస్ చాలదు, డోలు గుండెల్లో దిగాలి" అని మెకానిక్‌ను పిలిపించారు. ఆ రోజుల్లో ఊళ్లో అందరికీ తెలిసిన సూత్రం ఒకటే, పెట్టెకు కన్నం పెడితే బేస్ పెరుగుతుంది. అతను స్పీకర్లు రెండింటికీ ముందు పలకలో మూడు అంగుళాల కన్నం కోశాడు. లోపల ఉన్న గాజు దూదిని దురద పెడుతుందని తీసి పారేశాడు. వరండాలోకి ఇంకో రెండు స్పీకర్లు లాగి, అవే తీగలకు జత కలిపాడు. పెళ్లి మూడు రోజులూ డోలు నిజంగానే గుండెల్లో దిగింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, పదహారేళ్లవాణ్ణి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఎన్నో వారాలు మావయ్య కబురు లేదు. అమ్మమ్మ అన్నం మానేసింది. చివరికి వేలాది మందితో పాటు జోర్డాన్ దాకా చేరి, అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కి వచ్చాడు. ఒంటి మీద బట్టలు, భుజాన ఒక తువ్వాలు. తొమ్మిదేళ్లకు పైగా సంపాదించుకున్న సామాను అంతా అక్కడి గదిలోనే పోయింది. కువైట్ నుంచి ఆయనకు మిగిలిన వస్తువు, ముందే ఇంటికి చేరిన ఈ సెట్టు ఒక్కటే.

వచ్చిన రెండో రాత్రి దాన్ని పెట్టాడు. రెండు నిమిషాలు విని ఆపేశాడు. లేచి స్పీకర్ల ముందు కూర్చుని కన్నాల అంచులు వేలితో తడిమాడు. ఎవరు చేశారని అడగలేదు. భుజం మీది తువ్వాలును నిలువునా రెండుగా చింపి, ఒక్కో ముక్కను ఒక్కో కన్నంలో గట్టిగా కుక్కాడు. మళ్లీ పెట్టాడు. "ఇప్పుడు కొంత నయం" అన్నాడు. అదేదో బాధలో చేసిన పని అనుకున్నాను నేను. అందులో ఉన్న పనితనం నాకు ముప్పై ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు.

1996 నవంబరు 6 తుపాను కోనసీమ వాళ్లెవరూ మరచిపోలేరు. ఆ రాత్రి అమ్మమ్మ ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. అందరం దూలాల కింద ఒక మూల నిలబడ్డాం. సెట్టు మీద బరకం కప్పగలిగాం గాని, స్పీకర్లు తడిసిపోయాయి. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు నేలమట్టం. ఆ ఏడాది పాటల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సెట్టు అటక ఎక్కింది.

2018 సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు దాన్ని దింపమని నేనే అడిగాను. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం నాది. చిన్నప్పటి నుంచి రేడియోలు విప్పడం, బిగించడం అలవాటు. "తీసుకెళ్లరా. మోగితే మోగుతుంది, లేకపోతే నీ దగ్గరే ఉంటుంది" అన్నాడు మావయ్య. కారు వెనక సీట్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. స్పీకరు కన్నాల్లోంచి బిగుసుకుపోయిన గుడ్డముక్కలు, వాటితో పాటు ఎలుకలు చేర్చిన పీచు బయటికి లాగి చెత్తబుట్టలో వేశాను. ఆ తువ్వాలు ముక్కలు అలా పారేసినందుకు నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పాత సెట్టును సరాసరి కరెంటుకు తగిలించకూడదు. సీరీస్ బోర్డులో 60 వాట్ల బల్బు పెట్టి, దాని మీదుగా కరెంటు ఇచ్చాను. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు కాలిపోదు. బల్బు ఒక్కసారి మెరిసి, మందగించి, ఎర్రటి దారమంత దగ్గర నిలిచింది. పచ్చటి డయల్ వెలిగింది. ఆ పచ్చదనం చూసి మా ఆవిడను కేకేసి పిలిచాను.

ఈ తరహా పాత ఆంప్లిఫయర్లలో ఒక ఏర్పాటు ఉంటుంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల దగ్గర ఎప్పుడూ సుమారు 20 వోల్టుల డీసీ, అంటే దిశ మారని కరెంటు, నిలిచి ఉంటుంది. అది స్పీకరులోకి పోతే లోపలి తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, మాడిపోతుంది. అందుకని మధ్యలో ఒక పెద్ద కెపాసిటర్ పెడతారు. పాత మెకానిక్‌లు దాన్ని కండెన్సర్ అనే అంటారు. అది డీసీని ఆపి పాటను పోనిస్తుంది. కానీ పాటలో బాగా కింది స్థాయి స్వరాలు కూడా డీసీకి దగ్గరి చుట్టాలే. కెపాసిటర్ చిన్నదైతే వాటినీ ఆపేస్తుంది. నా సెట్టులో ఉండవలసిన కెపాసిటర్ పరిమాణం 1000 మైక్రోఫారడ్లు. 8 ఓముల అడ్డు ఉన్న స్పీకరుతో అది దాదాపు 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు) దాకా దిగుతుంది, అంటే మనిషి చెవికి వినిపించే అడుగు దాకా. మీటరుతో కొలిస్తే ఎడమది 430, కుడిది 610 చూపించాయి. నలభై ఏళ్ల ఎండకూ ఉప్పుగాలికీ లోపలి ద్రవం ఇంకిపోయింది. లెక్క వేస్తే ఎడమ ఛానెల్ 46 హెర్ట్జ్ దగ్గరే తగ్గడం మొదలుపెడుతోంది. పెళ్లినాటి వరండా స్పీకర్ల సంగతి కూడా అప్పుడే తట్టింది. 8 ఓములవి రెండు జత కలిపితే 4 ఓములు అవుతుంది. అదే కెపాసిటర్‌తో ఆ హద్దు 20 నుంచి 40కి లేస్తుంది. స్పీకర్లు రెట్టింపు చేసి బేస్ పెంచామనుకున్నారు గాని, అడుగు స్వరాలకు తలుపు సగం మూసేశారు.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. అక్కడ నేను చేసిన పని ఆశతో చేసిందే. 1000 బదులు 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు కొన్నాను. ఇప్పటివి పాతవాటికంటే చిన్నగా ఉంటాయి, అదే చోట పట్టేశాయి. హద్దు నాలుగు హెర్ట్జ్ దగ్గరికి దిగిపోయింది. వాల్యూమ్ కంట్రోలు ఉప్పు పట్టి, తిప్పితే కరకరమనేది. దాన్నీ విప్పేసి, కొత్త 50 కిలో ఓములది బిగించాను. పాతదాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో వేశాను. కొత్తదానికి తీగలు కలిపాక రెండు తీగలు మిగిలాయి. సర్క్యూట్ పటం నా దగ్గర లేదు. వాటికి టేపు చుట్టి పక్కకు మడిచాను.

ఊఫర్ల అంచున ఉండే నురుగు వలయం ముట్టుకుంటే పిండిలా రాలిపోయింది. ఆ నురుగు తడిగాలికి పది పదిహేనేళ్లలో కుళ్లిపోవడం ఎక్కడైనా మామూలే. స్పీకర్ల కోన్లు, అంటే ముందుకూ వెనక్కూ కదిలే గరాటాలు, మార్చే దుకాణంలో అడిగితే, "నురుగు మళ్లీ పోతుంది సార్, గుడ్డ అంచు వేస్తాను, జన్మకు చాలు" అన్నారు. సరేనన్నాను.

అన్నీ బిగించి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న రికార్డు ప్లేయరు కలిపి ఎల్పీ ఒకటి పెట్టాను. స్విచ్చి వేయగానే స్పీకర్లు ధబ్బుమని ముందుకు తోసుకొచ్చాయి. పెద్ద కెపాసిటర్ నిండాలంటే ఆ కరెంటంతా స్పీకరు గుండానే పోవాలి మరి. ముల్లు ఆనించాక పాట మొదలైంది. కొద్దిగా వంకర తిరిగిన రికార్డు అది. కోన్లు చెవికి వినబడని ఊపులో ముందుకూ వెనక్కూ ఊగుతున్నాయి. పాటలో మొదటి బరువైన దెబ్బకే లోపల టక్కుమని చప్పుడు. వాయిస్ కాయిల్ వెళ్లి అయస్కాంతం అడుగుకు కొట్టుకుంది. చేత్తో నా ఛాతీ మీద కొట్టినట్టయింది. వెంటనే ఆపేశాను.

ఎందుకిలా అయిందో తెలుసుకోవడానికి నేను చదువుకోవలసి వచ్చింది. అది నా జీవితంలో మంచి చదువుల్లో ఒకటి. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన, హెన్రీ క్లాస్‌తో కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే సంస్థ పెట్టి, గాలి చొరబడని చిన్న పెట్టెలో మెత్తటి అంచున్న ఊఫర్‌ను బిగించాడు. కోన్‌ను వెనక్కి లాగే పని దాని అంచుకు బదులు పెట్టెలో చిక్కుకున్న గాలే చేస్తుంది. ఆ గాలే స్ప్రింగు. మావయ్య స్పీకర్లు ఆ సంప్రదాయంలోవి. వాటికి కన్నం కోయడమంటే స్ప్రింగును తెంపడమే. కన్నం పెట్టె వేరే విద్య. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, రిచర్డ్ స్మాల్ 1970లలోనూ దానికి లెక్కలు కట్టారు. ఊఫర్, పెట్టె పరిమాణం, కన్నంలో బిగించే గొట్టం పొడుగు అన్నీ ఒకదానికొకటి కుదిరితే అది అద్భుతంగా పలుకుతుంది. కుదరకపోతే ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదినట్టు ఒకే స్వరం పలుకుతుంది. మా పెట్టెల్లో ఆ స్వరం దాదాపు 60 హెర్ట్జ్ దగ్గర ఉంది. పెళ్లిలో గుండెల్లో దిగింది ఆ ఒక్క స్వరమే. దాని కిందికి వెళ్తే కన్నంలోంచి గాలి ఊరికే వచ్చి పోతుంటుంది, కోన్‌కు పట్టు ఉండదు. పాత కెపాసిటర్ ఎండిపోయి ఆ అడుగు ఊపులను ఆపినన్నాళ్లూ కోన్ బతికింది. నేను తలుపు బార్లా తెరిచేసరికి అది వెళ్లి గోడకు కొట్టుకుంది.

మావయ్య తువ్వాలు అప్పుడు గుర్తొచ్చింది. కన్నం బిరడా వేసినట్టు మూస్తే గాలి స్ప్రింగు చాలావరకు తిరిగి వస్తుంది. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. ఏసీ గొట్టాల్లో గాలితో జీవితమంతా పనిచేసిన మనిషి, రెండు నిమిషాలు విని జబ్బు పట్టేశాడు.

కన్నాలకు సరిపడా టేకు బిళ్లలు తరిగించి, ఫెవికాల్‌తో బిగించాను. తుపానులో ఉబ్బిన పెట్టె మూలలు విచ్చుకుని ఉన్నాయి. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి ఆ సందుల్లో పూశాను. మూసిన పెట్టె బిగువుగా ఉందో లేదో చూడడానికి పరికరం అక్కరలేదు. ఊఫర్ కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా లోపలికి నొక్కి వదలాలి. ఎక్కడైనా గాలి పోతుంటే తటాలున తిరిగొస్తుంది. బిగువుగా ఉంటే నిద్రలోంచి లేస్తున్న మనిషిలా నెమ్మదిగా వస్తుంది. కుడి పెట్టె నాలుగోసారికి గాని అలా లేవలేదు. వెనక తీగలు బిగించే పలక చుట్టూ దారమంత సందు ఉంది. అది దొరికిన రాత్రి నేను పడ్డ సంతోషం చెప్పలేను.

లోపల నింపడానికి మొదట మా ఊరి కొబ్బరి పీచే వేశాను. మనసుకు బాగుంది గాని పొట్టు రాలింది. తీసేసి దిండ్లలో వేసే పాలిస్టర్ దూది వేశాను. ఈ నింపడంలో ఒక తమాషా సంగతి ఉంది. గాలిని గబుక్కున కుదిస్తే వేడెక్కి గట్టిపడుతుంది. పోగుల మధ్య ఆ వేడి ఇంకిపోతుంది కాబట్టి గాలి మెత్తబడుతుంది. పెట్టె ఉన్నదానికంటే పెద్దదైనట్టు నడుచుకుంటుంది.

అయినా బేస్ పలచగానే ఉంది. వెయ్యి ఓముల రెసిస్టర్ మీదుగా ఊఫర్‌కు స్వరం ఇచ్చి, ఫోనులో స్వరం మారుస్తూ మీటరు చూశాను. ఏ స్వరం దగ్గర ముల్లు ఎక్కువగా లేస్తే అది ఆ స్పీకరు సొంత స్వరం. పెట్టెలో పెట్టినప్పుడు 67 హెర్ట్జ్. విడిగా 48. గుడ్డ అంచు బిరుసు కాబట్టి అంత పైకి లేచింది. బిరుసు పెరిగితే స్వరం లేస్తుంది, బరువు పెరిగితే దిగుతుంది. మృదంగ విద్వాంసులకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. కచేరీ ముందు ఎడమవైపు రవ్వముద్ద అద్దేది ఆ బరువు కోసమే. దుకాణానికి మళ్లీ వెళ్లి, గుడ్డ తీయించి, మెత్తటి నురుగు అంచే వేయించాను. విడిగా 28, పెట్టెలో 55. జన్మకు చాలకపోతే పోయింది, ఇంకో పదిహేనేళ్లు చాలు. ఔట్‌పుట్ కెపాసిటర్లు కూడా 2200కి దించాను. తొమ్మిది హెర్ట్జ్ హద్దు. అంతకంటే కింద ఉన్నది పాట కాదు, రికార్డు వంకర.

ఇప్పుడు బొత్తాం సగం దాకా తిప్పితే సెట్టు బ్రహ్మాండంగా మోగింది. స్నేహితులు వచ్చి విని వెళ్లారు. కానీ రాత్రి అందరూ పడుకున్నాక అత్తయ్య చుక్క గీతకు తెచ్చి, దీపం ఆర్పి, నేల మీద పడుకుంటే, నాకు కావలసింది అక్కడ లేదు. గాత్రం ఉంది. తంబూరా ఉంది. ఎడమచేతి దెబ్బ ఎవరో అట్ట మీద తట్టినట్టుంది. మూడు నెలలు ఆ వెలితితో తిరిగాను. జ్ఞాపకమే పెద్దది చేసి చూపిస్తోందేమో అని కూడా ఒక దశలో అనుకున్నాను.

ఒక ఆదివారం మావయ్యకు ఫోను చేసి అడిగాను, "రాత్రిపూట బేస్ బొత్తాం ఎంత తిప్పేవారు మావయ్యా?"

"బేస్ బొత్తాం ఎప్పుడూ ముట్టుకోలేదురా. దాని పక్కన లౌడ్‌నెస్ అని ఒక నొక్కుడు మీట ఉంటుంది చూడు, అది నొక్కి ఉంచేవాణ్ణి. పగలు తీసేసేవాణ్ణి."

ఆ మీట ఎన్నిసార్లు నొక్కి చూశానో. ఏ తేడా లేదు, పాడైపోయిందనుకున్నాను. ఫోను పెట్టేసి బిస్కెట్ల డబ్బా తీశాను. పాత వాల్యూమ్ కంట్రోలును దీపం కింద తిప్పి చూశాను. మామూలుగా వాల్యూమ్ కంట్రోలుకు ఒక్కో ఛానెల్‌కు మూడు కాళ్లు ఉంటాయి. దీనికి నాలుగు. కార్బన్ పట్టీ మధ్యలోంచి ఒక కాలు విడిగా బయటికి వచ్చి ఉంది. నేను టేపు చుట్టి మడిచిన రెండు తీగలు ఆ నాలుగో కాళ్లవి.

1933లో బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ మనుషుల వినికిడిని కొలిచి చూపించారు. శబ్దం తగ్గుతున్నకొద్దీ మన చెవి కింది స్వరాలను మధ్య స్వరాలకంటే త్వరగా పోగొట్టుకుంటుంది. గట్టిగా పెట్టినప్పుడు నిండుగా ఉన్న పాట, తగ్గించగానే ఎముకల గూడు అయిపోవడానికి కారణం అదే. ఆ కాలపు సెట్లు తయారుచేసినవాళ్లు ఆ లోటును వాల్యూమ్ బొత్తాంలోనే పూడ్చారు. నాలుగో కాలి నుంచి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ భూమికి, అంటే సెట్టు లోపలి గ్రౌండ్ తీగకు, పోతాయి. బొత్తాం ఆ కాలికంటే కింద ఉన్నంతసేపూ మధ్య స్వరాలు ఆ దారిన కొంత జారిపోతాయి, బేస్ నిలబడుతుంది. బొత్తాం పెంచుతూ పోతే దాని ప్రభావం దానంతట అదే తగ్గిపోతుంది. అత్తయ్య చుక్క పెట్టిన చోటు సరిగ్గా ఆ కాలికి దిగువన ఉంది. నిద్రపోతున్న పాప కోసం ఆమె కట్టిన హద్దు, ఆ ఏర్పాటు నిండుగా పనిచేసే చోటే పడింది.

కొత్తదాన్ని ఊడదీశాను. పాతదాని రేకు చెవులు నాలుగూ మెల్లగా విప్పి లోపలికి చూస్తే, నల్లటి కార్బన్ పట్టీ మీద ఆకుపచ్చటి పొడి, ఇత్తడి వేళ్ల మీద చిలుము. చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పట్టీని గీరకుండా, ఒక్కో పుల్ల నల్లబడగానే మారుస్తూ తుడిచాను. ఇరవైకి పైగా పుల్లలు అయ్యాయి. ఇత్తడి వేళ్లను కాగితంతో రుద్ది, కొద్దిగా కిందికి వంచాను. మళ్లీ మూసి, నాలుగో కాళ్లకు ఆ తీగలు అతికాను. ఆ రాత్రి మీట నొక్కి, చుక్క గీతకు తెచ్చి పడుకున్నాను. మృదంగం మొదలైన రెండో నిమిషంలో వీపు కింద నేల పలికింది. లేచి కూర్చున్నాను. మళ్లీ పడుకున్నాను.

2020 సంక్రాంతికి సెట్టును ఊరికి తీసుకెళ్లాను. ఇప్పుడు చించినాడ దగ్గర వంతెన ఉంది, పంటు కోసం ఆగక్కరలేదు. అయినా నేను నరసాపురం మీదుగా వెళ్లి పంటు ఎక్కాను. రిసీవర్‌ను సీటు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

మావయ్యకు చెవులు కాస్త మందగించాయి. పెంకుటింటి చోట ఇప్పుడు డాబా ఉంది. స్పీకర్లు పాత పద్ధతిలోనే గోడకు ఆనించి పెట్టాం. రాత్రి భోజనాలయ్యాక ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎవరూ చెప్పకుండానే లౌడ్‌నెస్ మీట నొక్కాడు. బొత్తాం తిప్పబోయి కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఎర్రచుక్క వెలిసిపోయి, ఉందా లేదా అన్నట్టుంది. వేలితో తడిమి, ఇంతే కదా అన్నట్టు నా వైపు చూశాడు. అవునన్నాను. పాట వచ్చింది. ఆయన అరచెయ్యి పెట్టె మీద ఆనించి, తల వంచి, అలాగే ఉండిపోయాడు.

అత్తయ్య కొంతసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి, మనవరాలి గోళ్ల రంగు సీసా పట్టుకొచ్చింది. "కొంచెం చెయ్యి తీయండి" అంది. వంగి, ఊపిరి బిగబట్టి, వెలిసిన చుక్క మీదే కొత్త చుక్క పెట్టింది. ఆరేదాకా బొత్తాం ముట్టుకోవద్దంది.